బడి ముందు గల్లీలో బళ్లు ఆపించాలంటే: మొదటి లెక్క నుంచి గెజిట్ దాకా

పిల్లలు బడికొచ్చే అరగంట, బడి వదిలే అరగంట గేటు ముందు గల్లీలోకి బళ్లు రాకుండా ఆపడం చేయగలిగిన పనే. ఇటలీలోని బోల్జానో పట్టణం 1989లోనే దీన్ని మొదలుపెట్టింది. లండన్‌లో ఇప్పుడు వందల బడుల ముందు నడుస్తోంది. అయితే అక్కడ ఆపాల్సింది ఎక్కువగా కార్లను. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఇరవై అడుగుల గల్లీలోకి స్కూటీలు, ఆటోలు, బడి బస్సులు, తోపుడు బళ్లు ఒకేసారి వస్తాయి. అందుకని ఇక్కడ బారికేడ్ పెట్టడం ఆఖరి పని. బళ్లు ఎక్కడ ఆగాలో ముందు తేల్చాలి. ఆ చోటు చూపించకుండా గల్లీ మూస్తే రద్దీ అంతా గల్లీ మొదట్లోకి, అంటే పెద్ద రోడ్డు మీదికి పోతుంది. పిల్లలు అక్కడ దిగాల్సి వస్తుంది. అది మూయకముందుకన్నా ప్రమాదం.

మీ గల్లీ దీనికి పనికొస్తుందా

కాలనీ లోపలి గల్లీ అయి, పక్కనే పోవడానికి ఇంకో దారి ఉండి, ఆర్టీసీ బస్సు తిరగకపోతే పనికొస్తుంది. కిషన్‌పుర, బాలసముద్రం లాంటి కాలనీల లోపలి వీధులు ఇలాంటివే. 163వ నంబరు జాతీయ రహదారి, హంటర్ రోడ్డు, ఎంజీఎం ఆసుపత్రికి అంబులెన్సులు పోయే దారులు, కాజీపేట రైల్వే బ్రిడ్జి, వరంగల్ అండర్ బ్రిడ్జి వైపు దారుల జోలికి పోవద్దు. వాటిని మూయమని అడిగితే పోలీసులు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సరైనది.

గేటు పెద్ద రోడ్డు మీదే ఉంటే, బడి ప్రహరీకి పక్కనో వెనకో గల్లీ ఉందేమో చూడండి. ఉంటే అక్కడ కనీసం రెండు మీటర్ల వెడల్పు గేటు పెట్టించి, పిల్లల రాకపోకలు అటు మార్పించండి. చాలా బడుల్లో అలాంటి గేటు ముందే ఉంటుంది, తాళం వేసి పాత బెంచీలు అడ్డం పెట్టి ఉంటారు. ఏ గల్లీ లేకపోతే ఈ పద్ధతి మీకు కుదరదు. అప్పుడు అడగాల్సింది జీబ్రా క్రాసింగ్, ఒక హోంగార్డు, కార్పొరేషన్ రోడ్డయితే స్పీడ్ బ్రేకర్. బ్రేకర్ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని దరఖాస్తులోనే రాయండి. ఇరుకుగా, ఎత్తుగా పోసిన బ్రేకర్ మీద స్కూటీ వెనక కూర్చున్న పిల్లలు ఎగిరిపడతారు. జాతీయ రహదారి మీదయితే స్పీడ్ బ్రేకర్ వేయరు, రంబుల్ స్ట్రిప్స్ (బండి వేగం తగ్గేలా రోడ్డుకు అడ్డంగా వరుసగా వేసే సన్నటి పట్టీలు) అడగండి.

మూడు రోజుల లెక్క

మంగళ, బుధ, గురువారాల్లో లెక్క రాయండి. సోమ, శనివారాల్లో హాజరు తేడాగా ఉంటుంది. ఉదయం బెల్లుకు 40 నిమిషాల ముందు నుంచి బెల్లు తర్వాత 15 నిమిషాల దాకా, సాయంత్రం బెల్లుకు 20 నిమిషాల ముందు నుంచి 30 నిమిషాల తర్వాత దాకా కూర్చోవాలి. గల్లీకి రెండు వైపులా ఒక్కొక్కరు, గేటు దగ్గర ఒకరు చాలు.

కాగితం మీద ఐదేసి నిమిషాలకు ఒక గడి గీయండి. ప్రతి గడిలో స్కూటర్లు, కార్లు, ఆటోలు, బస్సులు విడివిడిగా ఎన్నో రాయాలి. వాటితోపాటు ఎక్కువమంది వదిలేసే గడి ఇంకొకటి ఉంది: బడితో సంబంధం లేకుండా గల్లీలోంచి దాటిపోయే బళ్లు. ఈ అంకె పెద్దగా ఉంటే డైవర్షన్ బోర్డు దూరంగా, చౌరస్తా దగ్గరే పెట్టాలి. చిన్నగా ఉంటే గల్లీ మొదట్లో బోర్డు చాలు. సాయంత్రం బెల్లు కొట్టే క్షణంలో ఆగి ఎదురుచూస్తున్న బళ్లెన్నో కూడా విడిగా రాయండి. మీకు కావాల్సిన స్థలం ఎంతో చెప్పేది ఆ అంకే.

బళ్లు ఆగే చోటు

సాయంత్రం ఒకేసారి 150 స్కూటర్లు, 20 కార్లు, 25 ఆటోలు ఎదురుచూస్తున్నాయనుకుందాం. స్కూటర్‌కు మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు కావాలి, మొత్తం 300 చదరపు మీటర్లు. కారుకు రెండున్నర బై ఐదు, ఇరవైకీ కలిపి 250. ఆటోకు ఒకటిన్నర బై మూడు, పాతికకు 112. తిరగడానికి, బయటికి పోవడానికి జాగా కలిపితే ఇది రెట్టింపవుతుంది: దాదాపు 1,300 చదరపు మీటర్లు, అంటే 1,550 గజాలు. 150 స్కూటర్లకు పట్టే జాగా దాదాపు 20 కార్లే తినేస్తున్నాయి చూడండి. అందుకే గేటుకు దగ్గర చోటు ఆటోలకు, ఆ తర్వాతది స్కూటర్లకు, అన్నింటికన్నా దూరం కార్లకు ఇవ్వాలి. కార్లవాళ్లు గట్టిగా అడుగుతారు. ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

ఇంత జాగా ఒకేచోట దొరకదు, దొరకాల్సిన అవసరం కూడా లేదు. గేటుకు 100 నుంచి 200 మీటర్ల లోపు, గల్లీకి రెండు వైపులా రెండు మూడు చోట్లు చూడండి: ఫంక్షన్ హాల్ ఆవరణ, గుడి ముందు ఖాళీ, కాలేజీ మైదానం, కార్పొరేషన్ స్థలం. ఫంక్షన్ హాల్ ఓనరు దగ్గర ఒప్పుకోలు కాగితం తీసుకోండి. ముహూర్తాల రోజులు ముందే అడిగి రాసుకుని, ఆ రోజులకు వేరే చోటు పెట్టుకోండి. 200 మీటర్లు చిన్న పిల్లలకు నాలుగైదు నిమిషాల నడక. నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలవాళ్లకు దగ్గరి చోటు కేటాయించండి.

చోటు ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడాలి. ఒకటి, బండి ఒక దిక్కు నుంచి వచ్చి ఇంకో దిక్కుకు ముందుకే పోవాలి. రివర్స్ తీయాల్సిన చోటు వద్దు. కారు వెనక నిలబడ్డ ఒకటో తరగతి పిల్ల డ్రైవరుకు అద్దంలో కనిపించదు. రెండు, పిల్లలు బండికి ఎడమ వైపు దిగుతారు, కాబట్టి బడికి పోయే నడక దారి బండికి ఎడమ పక్కనే ఉండాలి. కుడి పక్కనయితే దిగిన ప్రతి పిల్లా బళ్ల మధ్య నుంచి దాటాల్సిందే. మూడు, అక్కడి నుంచి గేటు దాకా పెద్ద రోడ్డు దాటే పని ఉండకూడదు. తప్పనిసరయితే దాటించడానికి రోజూ ఒక మనిషి ఉండాలి.

గీతలకు వెంటనే పెయింట్ వేయించకండి. మొదటి వారం ముగ్గుపిండితో గీయండి. ఆటో మూతి ఎటు ఉంటే తొందరగా కదులుతుందో, స్కూటర్ల వరుసను ఏటవాలుగా పెడితే ఎంత జాగా మిగులుతుందో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. పొద్దున్నే చెరిపి మళ్లీ గీయడానికి పావుగంట పట్టదు. కుదిరాక కార్పొరేషన్‌తో పెయింట్ వేయించుకోవచ్చు.

ఆటోవాళ్లతో ముందుగా మాట్లాడాలి

ఆటోవాళ్లు ఒప్పుకోకపోతే ఇది మూడు రోజులు కూడా నడవదు. ఒకే ఆటో రెండు మూడు బడుల పిల్లలను నెల కిరాయికి దింపుతుంది. మీ బడి దగ్గర పది నిమిషాలు ఆలస్యమయితే తర్వాతి బడి బెల్లు తప్పిపోతుంది. అందుకే వాళ్లు గేటు దాకా దూరుతారు. ఉదయం ట్రిప్పులు అయిపోయాక, పదకొండు గంటల వేళ అడ్డా దగ్గరికి పోయి మూడు ప్రశ్నలు అడగండి: ఎటు నుంచి వస్తారు, తర్వాత ఎటు పోవాలి, ఎన్ని గంటలకు బయటపడాలి. జవాబులను బట్టి, ముందు బయటపడాల్సిన ఆటో వరుసలో ముందు ఉండేలా నంబర్లు ఇవ్వండి. ఆ నంబరు రేడియం స్టిక్కర్ మీద ఉంటే పిల్లలు తమ ఆటోను వెతుక్కుంటూ రోడ్డు మీద తిరగరు.

ఇళ్లవాళ్ల దగ్గరికి గడపగడపకూ పోవాలి. వాట్సాప్ మెసేజ్ సరిపోదు. మూసే టైంలో వాళ్ల బళ్లు రావచ్చని, స్టిక్కర్ ఇస్తామని, నడక వేగంతో రావాలని, ఒక వాలంటీరు ముందు నడుస్తాడని చెప్పండి. డయాలసిస్‌కు పోయేవాళ్లు, నిండు గర్భిణులు, మంచం పట్టినవాళ్లు ఉన్న ఇళ్లు విడిగా రాసుకుని వాలంటీర్లకు తెలియజేయండి. దుకాణాలకు సరుకు దింపే బళ్లు, గ్యాస్ సిలిండర్ల బండి, చెత్త ఆటో ఆ గంట తప్పించి వచ్చేలా టైం కుదుర్చుకోండి.

గేటు ముందు రేగుపండ్లు, మామిడికాయ ముక్కలు, ఐస్ అమ్మేవాళ్లను తరిమేయవద్దు. వీధి వ్యాపారుల రక్షణకు 2014 చట్టం ఉంది. పైగా ఇంటి మనిషిలా రోజూ గల్లీని కనిపెట్టుకుని ఉండేది వాళ్లే. గల్లీలో ఒకే పక్కకు జరిపి, ఫైరింజన్ పట్టేలా మూడున్నర మీటర్ల దారి ఎప్పుడూ ఖాళీగా ఉంచితే చాలు.

అనుమతి ఎవరి దగ్గర, ఏ సెక్షన్ కింద

రోడ్డు మీద బళ్లను ఆపే అధికారం బడికీ లేదు, తల్లిదండ్రులకూ లేదు. మోటారు వాహనాల చట్టం 1988లో 115వ సెక్షన్ ప్రజల భద్రత కోసం ఫలానా రోడ్డులో బళ్లను నిషేధించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన వాళ్లకూ ఇచ్చింది. మామూలుగా దీనికి గెజిట్ నోటిఫికేషన్, అంటే ప్రభుత్వ రాజపత్రంలో ప్రకటన కావాలి. నిషేధం నెల రోజులకు మించకపోతే మాత్రం గెజిట్ అక్కర్లేదు, స్థానికంగా తెలియజేస్తే చాలని అదే సెక్షన్ చెబుతోంది. కాబట్టి మొదట శాశ్వతంగా మూయమని అడగకండి. నాలుగు వారాల ట్రయల్ అడగండి. అధికారికి ఒప్పుకోవడం సులువు, మీకు తప్పులు దిద్దుకునే వ్యవధి దొరుకుతుంది.

దరఖాస్తు పోలీస్ కమిషనర్ పేరు మీద, ట్రాఫిక్ ఏసీపీ ద్వారా పంపండి. మున్సిపల్ కమిషనర్‌కు, జిల్లా విద్యాధికారికి, దగ్గరి ఫైర్ స్టేషన్‌కు కాపీలు ఇవ్వండి. హెడ్మాస్టర్ సంతకం, తల్లిదండ్రుల కమిటీ సంతకం రెండూ ఉండాలి. రెండు పేజీలు దాటొద్దు. అసలు విషయం ఇలా ఉండొచ్చు:

«ఫలానా కాలనీలో మా బడి గేటు ముందున్న గల్లీని, ఫలానా చౌరస్తా నుంచి ఫలానా ఇంటి నంబరు వరకు 180 మీటర్ల మేర, బడి పనిదినాల్లో ఉదయం 8.25 నుంచి 9.10 వరకు, సాయంత్రం 3.45 నుంచి 4.25 వరకు, 115వ సెక్షన్ కింద నాలుగు వారాల పాటు మోటారు వాహనాలకు మూయాలని కోరుతున్నాం. అంబులెన్సు, ఫైరింజన్, పోలీసు, గల్లీలో నివసించేవారి బళ్లు, నడవలేని పిల్లలను తెచ్చే బళ్లకు మినహాయింపు ఉంటుంది. మూడు రోజుల లెక్క, స్కెచ్, స్థలం ఇచ్చినవారి ఒప్పుకోలు జతచేశాం.»

స్కెచ్‌లో గల్లీ వెడల్పు మూడు చోట్ల కొలిచి రాయాలి. కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్, నాలా, బారికేడ్ పెట్టే చోటు, డైవర్షన్ దారి గుర్తించాలి. డైవర్షన్ దారి నాలా పక్క నుంచి కాకుండా చూసుకోండి. 2023 జూలై వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీల్లో నీళ్లు ఎలా నిలిచాయో అధికారులకు గుర్తుంటుంది, మొదట అదే అడుగుతారు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇస్తే రశీదు దొరుకుతుంది. అంతకన్నా ముందు చేయాల్సిన పని, ట్రాఫిక్ సీఐని ఒక సాయంత్రం బడి వదిలే వేళకు పిలిచి గేటు పక్కన పదిహేను నిమిషాలు నిలబెట్టడం.

సామాను, దాన్ని పెట్టే తీరు

రెండు కొసలున్న గల్లీకి కావాల్సినవి: చక్రాల ఇనుప బారికేడ్లు 4, 750 మిల్లీమీటర్ల కోన్లు 12, గుండ్రటి ఎర్ర అంచు నిషేధ బోర్డులు 2, ముందస్తు బోర్డులు 2, రేడియం జాకెట్లు 6, చేత్తో పట్టుకునే స్టాప్ బోర్డులు 2. బారికేడ్లను పోలీసుల దగ్గర అడగొచ్చు. రోడ్డు మీద పాతే బోర్డులు పోలీసులో, కార్పొరేషనో పెట్టించాలి. మీరు ప్రింట్ చేయించిన ఫ్లెక్సీకి చట్టం దగ్గర విలువ లేదు, చలానా వేయడానికి పనికిరాదు.

బారికేడ్‌ను మలుపు అంచున పెట్టకండి. గల్లీ లోపలికి ఐదారు మీటర్లు జరిపి పెట్టండి. చూసుకోకుండా తిరిగిన బండి పెద్ద రోడ్డు మీద కాకుండా గల్లీలో ఆగి వెనక్కి మళ్లుతుంది. ఒక కొసకు రెండు బారికేడ్లు, ఒకదాని వెనక ఒకటి రెండు మూడు మీటర్ల ఎడంతో, చెరో పక్క నుంచి సగం రోడ్డు మూసేలా పెట్టాలి. స్కూటర్ సూటిగా దూసుకుపోలేదు. అంబులెన్సు వస్తే ఒక మనిషి ఐదు సెకన్లలో లాగేయగలడు. గొలుసు, తాళం, రాళ్లు, బల్లలు ఎప్పుడూ వద్దు. తాళం చెవి వాచ్‌మన్ జేబులో ఉండి, వాచ్‌మన్ ఎక్కడో ఉంటాడు.

ముందస్తు బోర్డు గల్లీకి 40, 50 మీటర్ల ముందు, తిరగకముందే కనిపించాలి. మాటలు తెలుగులో ఉండాలి, టైం అంకెలు పెద్దగా, విడిగా తీసి మార్చే పలక మీద ఉండాలి. ఎందుకో కింద చెబుతాం. డిసెంబరు, జనవరి పొద్దున్న మంచులో కనిపించాలంటే బారికేడ్లకు రేడియం టేపు రెండు వైపులా అంటించాలి.

మనుషులు

ఒక్కో కొసకు ఇద్దరు, బళ్లు ఆగే రెండు చోట్లకు ఒక్కొక్కరు: పూటకు ఆరుగురు. ఇద్దరు బడి మనుషులు, పీఈటీ, వాచ్‌మన్ లాంటివాళ్లు అనుకుంటే నలుగురు తల్లిదండ్రులు కావాలి. వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు పూటలు: 48 వంతులు. ఒక్కొక్కరికి రెండు వారాలకో వంతు వేస్తే 96 మంది పేర్లు కావాలి. అంతమంది దొరకకపోతే సాయంత్రం ఒక్కటే మొదలుపెట్టండి, 48 మందితో నడుస్తుంది. ఉదయం దింపి పోతారు, సాయంత్రం ఎదురుచూస్తూ ఆగుతారు, కాబట్టి సాయంత్రమే చిక్కు ఎక్కువ.

వాలంటీరు బండికి అడ్డం నిలబడకూడదు, తాళంచెవి లాగకూడదు, వాదించకూడదు. బోర్డు చూపించి, ఎటు పోవాలో చెప్పి, వినకపోతే నంబరు రాసుకోవాలి. ఆపాల్సింది యూనిఫాంలో ఉన్న పోలీసు. మొదటి రెండు వారాలు పెద్ద రోడ్డు వైపు కొసలో ఒక కానిస్టేబుల్ లేదా హోంగార్డు తప్పక ఉండేలా సీఐతో మాట్లాడండి. తొమ్మిదో తరగతి పిల్లలకు విజిల్ ఇచ్చి రోడ్డు మీద నిలబెట్టడం వద్దే వద్దు, స్కౌట్స్ అయినా సరే. వాళ్లు గేటు లోపల వరుసలు చూసుకోవచ్చు.

తల్లిదండ్రులకు పంపే కాగితంలో మైనర్ల సంగతి కూడా రాయండి. లైసెన్స్ లేని పిల్లలకు స్కూటీ ఇస్తే 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు.

ఏం చెడుతుంది, ఎందుకు

మొదటి రెండు రోజులు అందరూ గల్లీ మొదట్లోనే దింపేస్తారు. ఆగే చోటు ఎక్కడో తెలియకపోవడమే కారణం. అక్కడ కోన్లు వరుసగా పెట్టి, ఒక మనిషి చేయి చూపిస్తూ ఉండాలి. వారం రోజుల ముందే తరగతివారీగా ఎవరి చోటు ఏదో చీటీ పంపితే ఇది సగానికి తగ్గుతుంది.

బెల్లు కొట్టగానే పిల్లలంతా ఒక్కసారి బయటికొస్తే ఎన్ని గజాలున్నా చాలవు. చిన్న తరగతులను పది పదిహేను నిమిషాలు ముందు వదలమని హెడ్మాస్టర్‌ను ఒప్పించండి. పైసా ఖర్చు లేని మార్పు ఇది, ఫలితం అన్నిటికన్నా ఎక్కువ. అన్నాచెల్లెళ్లు వేర్వేరు తరగతుల్లో ఉంటే చిన్నవాళ్లు లోపలే ఆగే ఏర్పాటు చేయాలి.

మూడో వారంలో వాలంటీర్లు తగ్గుతారు. ఒక కొస ఖాళీ కాగానే నాలుగు స్కూటర్లు దూరతాయి, మర్నాటికి నలభై అవుతాయి. మనుషులు తక్కువైన రోజు రెండు కొసలనూ సగం సగం కాపలా కాయడం కన్నా, ఆ పూట మూయడం లేదని ముందే చెప్పేయడం మేలు. మూసి ఉందనుకుని పిల్లలు గల్లీ మధ్యలో నడుస్తారు, అప్పుడు వచ్చే ఒక్క బండి చాలు.

కాలాన్ని బట్టి

జూన్ 12న బడులు తెరిచిన వెంటనే మొదలుపెట్టకండి. అడ్మిషన్లు, కొత్త ఆటోలు కుదిరే దాకా లెక్క నిలకడగా ఉండదు. జూలై మధ్య మంచి సమయం. వినాయక చవితికి గల్లీలో మండపం వేస్తారు, బతుకమ్మ ఆడతారు. మండపం వాళ్లతో మూడున్నర మీటర్ల దారి గురించి ముందే మాట్లాడుకోండి. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర వచ్చినప్పుడు ట్రాఫిక్ పోలీసులంతా అటే ఉంటారు, ఆ నెలలో ట్రయల్ పెట్టుకోవద్దు.

మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఎనిమిదికి తెరిచి పన్నెండున్నరకు వదులుతారు. బోర్డు మీద టైం మార్చకపోతే ఆ రోజు నుంచి ఎవరూ బోర్డును నమ్మరు. అందుకే మార్చే పలక. పన్నెండున్నర ఎండలో ఐదేళ్ల పిల్లను 200 మీటర్లు నడిపించడం తప్పు. ఆ వారాలకు చిన్న తరగతుల చోటు గేటుకు 50 మీటర్లలోకి తెచ్చి, పెద్ద తరగతులకు చలువ పందిరి, మంచినీళ్లు పెట్టండి.

నాలుగు వారాలయ్యాక

రెండో వారం, నాలుగో వారం మళ్లీ అదే లెక్క, అవే రోజుల్లో రాయండి. ఈసారి పక్క గల్లీలో కూడా రాయాలి. రద్దీ అక్కడికి పోయుంటే ఆ ఇళ్లవాళ్లు ఎలాగూ ఫిర్యాదు చేస్తారు, మీరే ముందు చెబితే నమ్మకం ఉంటుంది. బెల్లు నుంచి గల్లీ ఖాళీ అయ్యేదాకా ఎన్ని నిమిషాలు, మూసిన టైంలో ఎన్ని బళ్లు దూరాయి, అంబులెన్సు వస్తే దారి ఎంతసేపట్లో తెరిచారు, ఈ మూడూ ఉండాలి. ఆటోవాళ్ల సంతకాలతో ఒక కాగితం జత చేయగలిగితే ఇంకా బలం.

ఈ కట్టతో కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రత కమిటీకి రాయండి. శాశ్వతంగా మూయడానికి గెజిట్ నోటిఫికేషన్ అడిగేటప్పుడు 116వ సెక్షన్ కింద శాశ్వత బోర్డులు కూడా కలిపి అడగండి, విడిగా అడిగితే బోర్డుల ఫైలు మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. నోటిఫికేషన్‌లో టైములను «బెల్లుకు ఇన్ని నిమిషాల ముందు» అని కాకుండా అంకెల్లో రాయించండి, ఒంటిపూట బడుల టైములు కూడా అందులోనే చేర్పించండి. లేకపోతే ప్రతి మార్చిలో కొత్త దరఖాస్తు పెట్టుకోవాల్సి వస్తుంది.